ఇకపై తీగలు దించాకే గిటారు మీ చేతికి

విశాఖలోని మా గిటార్ల షాపుకు వచ్చేవారికి, ఒకప్పుడు వచ్చి తరువాత మానేసినవారికి నమస్కారం.

వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మా దగ్గర ప్రతి కొత్త గిటారు ధర 500 రూపాయలు పెరుగుతుంది. అన్నిటికన్నా చవక రకాన్ని ఇక తెప్పించం. ఎందుకో మీకు చెప్పాలి.

ఈ ఏడాది 14 మంది తమ గిటార్లను తిరిగి అమ్మడానికి తెచ్చారు. అందరిదీ ఒకటే మాట: "నాకు చేతకాదండి." వాటిని బల్ల మీద పెట్టి చూశాను. వాయించేకొద్దీ ఫ్రెట్ల మీద, అంటే వీణ వాళ్లు మెట్లు అనే వాటి మీద, తీగ రాసుకుని గాడి పడుతుంది. ఒక్క గిటారుకూ గాడి లేదు. పన్నెండో మెట్టు దగ్గర రెండు, రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తులో ఉండవలసిన తీగ చాలావాటిలో నాలుగు దాటింది. అలాంటి ఉక్కు తీగను నొక్కితే కాయలు కాసిన నా వేళ్లే నొప్పెట్టాయి. అందులో తొమ్మిది మేము అమ్మినవే. నొప్పి అని వచ్చినవారికి "సాధన చేయండి, అదే వస్తుంది" అని చెప్పి పంపాను. తప్పు నాది. మన్నించండి.

ఆరు తీగలూ కలిసి గిటారు మెడను సుమారు 70 కిలోల బరువుతో లాగుతూ ఉంటాయి. పైగా మన సముద్రపు గాలి. వానాకాలంలో చెక్క తేమ పీల్చి ఉబ్బితే తీగలు ఇంకా పైకి లేస్తాయి. మెడ లోపలి ఇనుప కడ్డీని అలెన్ కీతో పావు చుట్టు బిగించి, తీగల కింది దిమ్మను కాస్త అరగదీస్తే తీగలు మెట్లకు దగ్గరగా దిగుతాయి. గంట పని. పెరిగిన 500 దానికే.

ఈ విషయం నన్ను ఇంతగా ఎందుకు బాధించిందంటే, వాళ్లు పోగొట్టుకున్నది ఏమిటో నాకు తెలుసు. నేను 1994 నుంచి వాయిస్తున్నాను. జి, సి, డి, ఈ మైనర్, ఏ మైనర్ అనే కార్డ్‌లు, అంటే కొన్ని స్వరాలు కలిసి ఒకేసారి పలికే పట్లు, వచ్చు. చూపుడు వేలితో ఆరు తీగలూ అదిమి పట్టే ఎఫ్ ఈనాటికీ శుభ్రంగా పలకదు. మూడు వేళ్లతో, మొదటి తీగను వదిలేసి పట్టే తేలిక రూపంతోనే నడుపుతాను. నా గిటారుకు మొదటి మూడు మెట్లు రెండుసార్లు అరిగిపోతే మార్చాను. అయిదో మెట్టు పైన కొన్ననాటి మెరుపే ఉంది. అయినా షాపు మూశాక రోజూ అరగంట అది నా ఒళ్లో ఉండాల్సిందే. శ్రుతి కుదిరిన జి మీటినప్పుడు ఆ చెక్క వణుకు పక్కటెముకలకు తగులుతుంది. ఇన్నేళ్లలో ఒక్క రోజు కూడా అది పాతబడలేదు. కరెంటు పోయిన రాత్రుల్లో మా పిల్లలు పాడిన పాటలన్నిటికీ మూడు కార్డ్‌లే సరిపోయాయి. చేతకాదన్న ఆ 14 మందికీ ఇది అందుబాటులోనే ఉండేది.

మా దగ్గర ఎప్పుడు కొన్నా సరే, బిల్లు లేకపోయినా సరే, గిటారు తీసుకురండి. ఈ నెలాఖరు దాకా ఉచితంగా సరిచేసి ఇస్తాను. వరుస ఉంటుంది కనుక రెండు రోజులు పట్టవచ్చు.

తిరిగి అమ్మినవారికి ఒక మాట. మీ గిటార్లలో ఆరు ఇంకా ఇక్కడే ఉన్నాయి. తీగలు దించి, శ్రుతి చేసి, గోడకు తగిలించాను. మీకు మేమిచ్చిన ధరకే వెనక్కి తీసుకువెళ్లండి. నెలాఖరు వరకు వాటిని ఇంకెవరికీ అమ్మను.