మోటర్లు ఆగింది మీ పెట్రోల్ వల్ల కాదు, నేను అమ్మిన పైపు వల్ల

కృష్ణ ఒడ్డున సోమశిల రేవుల పడవలు తిప్పేటోళ్లకు, అమరగిరి, మంచాలకట్ట దిక్కు వలలకు పోయేటోళ్లకు, కొల్లాపూర్‌ల మా రిపేరు దుకాణానికి పడవ మోటర్లు తెచ్చే అందరికి నమస్తే. నెల రోజుల సంది మీలో కొందరి మోటర్లు నది నడిమిట్ల ఆగిపోతున్నయి. నేను ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పిన. ఒకరికి పెట్రోల్‌ల నీళ్లు పడ్డయన్న. ఒకరికి ఆయిల్ ఎక్కువ కలిపినవన్న. ఇంకొకరిని ట్యాంకు మూత మీది గాలి స్క్రూ వదులు చేయలేదని నలుగురిల గట్టిగనే అన్న. అవేవీ కాదు. ఆగస్టు చివర కొత్త చుట్ట తెచ్చి మీ మోటర్లకు నేను వేసిన నల్ల పెట్రోల్ పైపే కారణం. ఆ పైపు ఉన్నోళ్లు, మార్చేదాక జనాన్ని ఎక్కించుకుని నదిలకు పోకుండ్రి. మిగతాది తర్వాత చదువుకున్నా సరే.

ఇంత ఆలస్యం ఎందుకైందో చెప్పాలె. అందరూ చెప్పింది ఒక్కటే మాట: "కాకా, పావుగంట మంచిగ పోతది. ఫుల్ రేజ్‌ల ఉండంగనే గొంతు పట్టుకున్నట్టయి రెండు మూడుసార్లు తన్నుకుని ఆగుతది. బల్బు నాలుగుసార్లు పిసికి తాడు గుంజితే మళ్లా అందుకుంటది." బల్బంటే లైటు కాదు, ట్యాంకు నుంచి పెట్రోల్ ఇంజన్‌కు ఎక్కేతందుకు పైపుల పెట్టి చేతితోని పిసికే రబ్బరు బుడ్డ. స్విచ్చి తీసేసినట్టు ఒక్కసారిగ ఆగితే కరెంటు దిక్కు చూడాలె. వేడెక్కినంక కాయిల్ చేతులెత్తేయొచ్చు, స్టాప్ బటన్ వైరు బాడీకి తగలొచ్చు. ఇట్ల నీరసపడి ఆగితే పెట్రోల్ అందుతలేదని అర్థం. అంతవరకు నేను సరిగ్గనే పోయిన. బల్బు లోపలికి పీక్కుపోయి చప్పగ అయితలేదంటే ట్యాంకు దిక్కు అడ్డం లేనట్టు. పిసికితే మోటరు బతుకుతున్నదంటే ఇంజన్ మీది పెట్రోల్ పంపు బలంగ గుంజుతలేనట్టు. ఈ లెక్కతోని నలుగురి మోటర్లకు పంపు డయాఫ్రమ్‌లు, అంటే పంపు లోపల ఆడే రబ్బరు పొరలు మార్చి, మనిషికి 1,450 రూపాయలు తీసుకున్న. బల్బుకు, ఇంజన్‌కు నడుమ ఉన్న పైపును అనుమానించనే లేదు. కొత్తది కదా, నేనే వేసింది కదా. నోటితోని ఊది చూస్తే గాలి సాఫుగ పోతుండె.

చేసిన ప్రతి మోటరును దుకాణం ముందు నీళ్ల డ్రమ్ముల పెట్టి పది నిమిషాలు నడిపిస్తనని మీకు తెలుసు. డ్రమ్ముల ప్రతిదీ బంగారం లెక్క నడిచింది. అక్కడ ఇంజన్ మీద బరువు ఉండదు, తాగే పెట్రోల్ తక్కువ. మనుషులతోని నిండిన పడవను ఎదురుగాలికి నెట్టుకుంట పోయినప్పుడు గుంజే గుంజుడు డ్రమ్ముల ఎట్ల వస్తది? ఇరవై ఏండ్ల సంది ఈ పని చేస్తున్నోడిని, ఆ మాత్రం నాకు తట్టి ఉండాలె.

అమరగిరి తమ్ముడు ఒకాయన మూడోసారి మోటరు తెచ్చి, బల్ల మీద పెట్టకుండ కిందనే దించిండు. "నువ్వు నాతోని నీళ్ల మీదికి రా కాకా, ఈడ చూసుడు బంద్ చెయ్యి" అన్నడు. తెల్లారి ఆరింటికి పోయినం. బల్బు దగ్గర్నుంచి ఇంజన్ దాకా నల్ల పైపు తీసి, తెల్లగ అవతలికి కనబడే పైపు వేసిన. బుడగలు కనబడితే గాలి చొరబడుతున్నట్టు తెలుస్తదని నా ఆలోచన. ఒక్క బుడగ రాలేదు. గంట సేపు సిద్ధేశ్వరం దిక్కు పోయి వచ్చినం, మోటరు ఒక్క దగ్గు దగ్గలేదు. మళ్లా నల్లది వేసినం. 17 నిమిషాలకు ఆగింది. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు.

ఒడ్డుకు వచ్చినంక పైపు ఒక కొన నోట్ల పెట్టుకుని ఈసారి ఊదలేదు, పీల్చిన. టపుక్కున మూసుకుపోయింది. బ్లేడుతోని నిలువుగ చీరినం. పైన రబ్బరు గట్టిగనే ఉన్నది. లోపలి పొర మాత్రం మేకపేగు పొర లెక్క లేచి, ముడతపడి, ఒక దిక్కు వాలి ఉన్నది. బల్బు పిసికితే పెట్రోల్ దాన్ని పక్కకు తోసుకుంట పోతది. ఇంజన్ గుంజితే అదే పొర తలుపు లెక్క పడుతది. పైపు వేడెక్కి మెత్తబడ్డకొద్దీ ఇంక గట్టిగ అతుక్కుంటది. బయట్నుంచి ఎంత తడిమినా తెలువదు.

ఇప్పుడు బంకులల్ల వచ్చే పెట్రోల్‌ల 20 శాతం ఇథనాల్ ఉంటున్నది. దానికి తగినట్టు చేయని రబ్బరు ఉబ్బుతది, పొరలు ఊడుతయి. ఈ సంగతి తెలిసే, ఇథనాల్‌కు ఆగే పైపే కావాలని హైదరాబాద్‌ల నా డీలరును అడిగి మరీ తెప్పించుకున్న. 11 ఏండ్ల సంది ఆయన దగ్గరనే కొంటున్న. ఒక్కసారి కూడ పైసలు ఆపలేదు. కరోనా టైముల దుకాణం మూసి ఉన్నా, బంగారం కుదువ పెట్టి ఆయన బాకీ కట్టిన. అసలు పడవ పైపు మీద ఎస్‌ఏఈ జే1527 అని (పడవల పెట్రోల్ పైపులకు పెట్టిన ప్రమాణం నంబరు), తయారైన సంవత్సరం అని ముద్ర ఉండాలె. ఈ చుట్ట మీద ఒక్క అక్షరం లేదు. విప్పిన రోజే చూసిన. ఫోన్ చేస్తే "అదే మాల్, కొత్త లాట్, ముద్ర పడలేదు" అన్నడు. నమ్మిన. ఆ నమ్మినది నా తప్పు, దాన్ని ఆయన మీదికి తోస్తలేను.

కాని చీరిన పైపు ఫొటో పంపినంక ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ మింగుడు పడుతలేదు. "పెట్రోల్ మీద పెట్టెయ్ భాయ్, అందరూ అదే చెప్తుండ్రు. నీకు సగం పైసలు అడ్జస్ట్ చేస్త." నదిల ఆగిన పడవలో ఎవరున్నరని కూడ అడగలేదు. సగం కాదు, మొత్తం ఇస్తనన్నా తీసుకోను. ఇంక ఆ దుకాణంల ఒక్క వాషర్ కూడ కొనను. కొన్ని సామాన్లు ఆయన దగ్గర తప్ప దొరకవని మా తమ్ముడు అంటుండు. దొరకకపోతే చెన్నై నుంచి తెప్పిస్త, వారం ఆలస్యమైతది, మీరు ఓర్చుకోవాలె.

ఈ మాట బయటికి చెప్పాలన్న రోజు రాత్రి నిద్రపోలేదు. కార్తీకం నడుస్తున్నది. సోమవారం లలితా సోమేశ్వరుని గుడికి జనం వస్తరు, పడవలోళ్లకు ఏడాదిల నాలుగు పైసలు కనబడేది ఈ నెలలనే. మోటర్లు ఆపుండ్రి అంటే ఎవరి నోటికాడి కూడు తీస్తున్ననో నాకు తెలుసు. చప్పుడు చేయకుండ ఒక్కొక్కరిని పిలిచి, సర్వీసింగ్ అని చెప్పి పైపు మార్చి పంపొచ్చు కదా అని ఇంట్ల అన్నరు. పేరు పోదు, గిరాకీ పోదు. తెల్లారుజామున మూడింటి దాకా నేనూ అటే మొగ్గిన. కాని 2007ల మంచాలకట్ట దగ్గర పడవ మునిగిన జనవరి నాకు యాదికున్నది. ఆ ఒడ్డున నిలబడ్డోళ్లల్ల నేనొకణ్ణి. దానికీ మోటరుకూ సంబంధం ఉన్నదని అంటలేను. ఆ రోజు ఒడ్డు మీద విన్న ఏడుపు విన్నోడు, పడవ ఆగుతదని తెలిసీ ఊకోలేడు. ఇప్పుడు శ్రీశైలం డ్యాం నీళ్లు నిండుగ ఉన్నయి, నీళ్లు తగ్గితేనే తేలే సంగమేశ్వరం గుడి ఇంక నీళ్లల్లనే ఉన్నది, అవతలి ఒడ్డు దూరం. గాలి లేస్తే ఆగిన పడవ అడ్డం తిరుగుతది.

ముద్ర ఉన్న పైపు వచ్చింది. బల్బుతో సహా ఉచితంగ మారుస్త, బిల్లు అవసరం లేదు, నా నోట్‌బుక్కుల పేర్లున్నయి. పంపులు మార్చుకున్న నలుగురికి 1,450 వాపస్ ఇస్త. ఆదివారం, సోమవారం తెల్లారి నాలుగింటికే సామాను తీసుకుని రేవుల ఉంట, మీరు కొల్లాపూర్ దాకా మోసుకురావొద్దు. మార్చిన ప్రతి మోటరును డ్రమ్ముల కాదు, నీళ్ల మీద అరగంట ఫుల్ రేజ్‌ల నడిపి ఇస్త. ఈలోపు ఎవరిదన్నా నడిమిట్ల దగ్గుడు మొదలుపెడితే, రేజ్ సగానికి తగ్గించుండ్రి. గుంజుడు తగ్గితే పొర వదులైతది. బల్బు పిసుక్కుంట దగ్గరి ఒడ్డు పట్టుకోండ్రి. తెడ్డు, లంగరు, జాకెట్లు లేకుండ బయలుదేరొద్దు.

గాలి స్క్రూ అని నలుగురిల నేను అన్న పెద్దాయన ఇంటికి నిన్న పోయి తప్పైందని చెప్పి వచ్చిన.

ఇంకొకటి ఉన్నది. చుట్ట 50 మీటర్లు, 2 మీటర్ల చొప్పున 25 ముక్కలు కోసిన. 6 నా దగ్గర మిగిలినయి. అమ్మిన 19ల 18 మంది పేర్లు దొరికినయి. ఒక్క ముక్క దసరాకు ముందు, నేను లేనప్పుడు, మా పిల్లగాడు నగదుకు అమ్మిండు. కొన్నాయన నీలం టవల్ వేసుకుని బండి మీద వచ్చిండట, ఏ ఊరో అడగలేదట. మీ రేవుల ఎవరి మోటరుకన్నా ముద్ర లేని నల్ల పైపు కనబడితే, ఆయన మా గిరాకీ అయినా కాకున్నా, ఆపి నాకు ఫోన్ చేయుండ్రి. ఏ రాత్రైనా నేనే వస్త.