గుండ్రంగా వచ్చాయిరా!

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తిట్టుకో, పడతాను. ఇక్కడ అంతా కులాసా. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, చెల్లికి బదిలీ అయింది, మిగతావి తర్వాత. నిన్న రాత్రి సంగతి నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టదు.

ఓరియన్ నెబ్యులా, అదే ఆ నక్షత్రాల గుంపులోని వాయు మేఘం, ఫొటోలో వచ్చిందిరా! రెండు నిమిషాల ఎక్స్‌పోజర్. తెర మీద పెద్దది చేసి మూలమూలా వెతికాను, ఒక్క చుక్క సాగలేదు. వానపాముల్లా సాగిన మన చుక్కలు ఇక లేవు!

ఇన్నాళ్లూ తప్పు టెలిస్కోప్ ట్యూబుదే అనుకున్నాను. పాత మౌంట్, అంటే ట్యూబును మోసి తిప్పే స్టాండు, పైకీ కిందకీ, పక్కలకీ తిరిగే రకం కదా. మోటారు నక్షత్రాన్ని వదలకుండా పట్టుకునేది, ఫొటో మధ్యలో అంతా బాగుండేది, అంచుల్లో మాత్రం చుక్కలన్నీ వంపులు. అద్దాలు సరిచేశాను, ఫోకస్ మార్చాను, ఎన్ని రాత్రులు పోయాయో... అసలు సంగతేమిటంటే, ఆ రకం మౌంట్ వెంటాడుతున్నంతసేపూ ఫ్రేములో ఆకాశం మెల్లగా గిర్రున తిరుగుతూనే ఉంటుంది. ఇప్పుడు తెచ్చిన ఈక్వటోరియల్ మౌంట్‌లో ఒక ఇరుసు భూమి ఇరుసుకు సమాంతరంగా ఉంటుంది. అది 23 గంటల 56 నిమిషాలకు ఒక చుట్టు తిరిగితే చాలు, ఫ్రేము కదలదు.

ఆ ఇరుసును అలా సరిపెట్టాలంటే ధ్రువ నక్షత్రాన్ని పట్టాలి, దానికే ముప్పావు గంట పట్టింది. అది సరిగ్గా ధ్రువం మీద ఉండదురా, అర డిగ్రీ కంటే కాస్త ఎక్కువే పక్కన ఉంటుంది. పోలార్ స్కోపులో, అంటే ధ్రువాన్ని చూసే బుల్లి దుర్బిణిలో, చిన్న వలయం కనిపిస్తుంది, దాని మీద సరైన చోటికి నక్షత్రాన్ని తేవాలి. మరను వెంట్రుకవాసి తిప్పినా చుక్క ఎగిరిపోతుంది. ఊపిరి బిగబట్టి తిప్పాను.

నువ్వు ఏ టెలిస్కోప్ కొనాలని అడిగావు. ముందు మౌంట్ చూడరా. ఓరియన్ ఉన్న చోట నక్షత్రాలు సెకనుకు 15 ఆర్క్ సెకన్లు (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) జరుగుతాయి, నా 750 మిల్లీమీటర్ల ట్యూబుకీ కెమెరాకీ అది దాదాపు 14 పిక్సెళ్లు. మౌంట్ ఏ కాస్త తడబడినా ఫొటోలో తెలిసిపోతుంది. అట్ట మీద 10 కిలోలు మోస్తుందని రాస్తే అది కంటితో చూసేవాళ్లకి. ఫొటోలకు అందులో సగమే లెక్కపెట్టుకో. కెమెరా, గైడ్ స్కోప్ (గురి తప్పకుండా నక్షత్రాన్ని కనిపెట్టి ఉండే చిన్న దుర్బిణి), చివరికి కేబుళ్లు కూడా బరువే. నేను ముందు నచ్చుకున్న బుల్లి మౌంట్ తీసుకుని ఉంటే... వద్దులే, ఆ మాట తలచుకుంటేనే గుండె దడ.

అసలు నీకు ట్యూబే అక్కర్లేదేమో. నీ దగ్గర 135 మిల్లీమీటర్ల కెమెరా లెన్స్ ఉందిగా? దానికి చిన్న స్టార్ ట్రాకర్, అంటే కెమెరాను నక్షత్రాల వెంట తిప్పే బుల్లి మౌంట్, చాలు, భుజాన వేసుకుని ఎక్కడికైనా ఎక్కేయొచ్చు.

మూడు నిమిషాలు దాటితే చుక్కలు మళ్లీ కాస్త సాగుతున్నాయి. లోపలి గేర్ పళ్ల లోపమట, ఆటోగైడింగ్, అంటే నక్షత్రాన్ని చూస్తూ మౌంట్ తనంతట తానే సరిదిద్దుకునే ఏర్పాటు, పెడితే పోతుందంటున్నారు. దాని గురించి... ఉండు, మబ్బు విడుతోంది! ఓరియన్ నడినెత్తికి వచ్చేస్తోంది, వెళ్తున్నా, ఫొటో ఈ కవర్లోనే...