హోటల్ యజమానుల సంఘం వార్షిక నివేదిక, 2025–26 (నెల్లూరు)

గౌరవ అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్య మిత్రులందరికీ నమస్కారం. రాని వాళ్లకు ఈ నివేదిక వాట్సాప్‌లో వస్తుంది. కనీసం అక్కడైనా చదవమని మనవి.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ రాసి కాగితం నింపను. సభ్యుల మేలు ఒకటి, ఊరికి మన వంతు రెండోది. మొదటి దాని కింద ఈ ఏడాది ముఖ్యంగా జరిగింది గదుల జీఎస్టీ మీద ఆడిటరు గారితో పెట్టుకున్న సమావేశం. 7,500 రూపాయల లోపు గదులకు సెప్టెంబరు 22 నుంచి పన్ను 12 శాతం పోయి 5 శాతం వచ్చింది, ఇన్‌పుట్ క్రెడిట్ (మనం కొన్న వాటి మీద కట్టిన పన్నును తగ్గించుకునే వీలు) మాత్రం పోయింది. బిల్లు పుస్తకాలు మార్చుకోని వాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు, త్వరగా మార్చుకోండి.

ఇక రెండోది. జూలైలో మన దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జరిగిన రొట్టెల పండుగ (కోరిక మొక్కుకుని రొట్టె తీసుకోవడం, అది తీరాక వచ్చి ఇంకొకరికి రొట్టె ఇవ్వడం) గురించి కాస్త ఎక్కువే రాస్తాను, విసుక్కోవద్దు.

ప్రతి ఏడూ మనం పులిహోర పొట్లాలు పంచేవాళ్లం. పోయిన ఏడాది దర్గా దారిలో మన పొట్లాలే విప్పకుండా కుప్పగా పడి ఉండటం నేను కళ్లారా చూశాను. ఈసారి జూన్‌లో కార్యవర్గం కూర్చున్నప్పుడు ఎన్ని బస్తాల బియ్యం అని లెక్క వేస్తుంటే, మద్రాసు బస్టాండు దగ్గర లాడ్జి నడిపే మన సభ్యురాలు ఒక మాటన్నారు. "తిండి పెట్టేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారండీ. తిన్న ఆడవాళ్లు తెల్లారి ఎక్కడికి పోవాలి?" కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి, తెలంగాణ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చి, స్వర్ణాల చెరువులో తడిసి, మార్చుకోవడానికి చాటు లేక చీర అడ్డం పట్టుకునే వాళ్లను మనం ఎన్నేళ్లుగా చూస్తున్నాం! చూసి ఊరుకున్నాం, అంతే.

అలా పుట్టింది బాత్‌రూముల పథకం. 14 లాడ్జీలు ఐదు రోజుల పాటు కింది అంతస్తులో తలా రెండు గదులు ఆడవాళ్లకు, పిల్లలకు, పెద్దవాళ్లకు ఉచితంగా వదిలాయి. స్నానం, వేడినీళ్లు, బట్టలు మార్చుకునే చోటు, చంటిపిల్లల పాలు కాచుకోవడానికి స్టవ్వు. పండుగ ఐదు రోజులూ గది ఖాళీగా ఉండదని, చెప్పిన రేటు పలుకుతుందని ఇక్కడున్న అందరికీ తెలుసు. అలాంటి వారంలో రెండు గదులు వదలడమంటే చెక్కు రాసివ్వడం కంటే కష్టం. అందుకే ఆ 14 మందికీ ఈ సభలో చప్పట్లు కొట్టాలని కోరుతున్నాను.

గేటు దగ్గర బోర్డు తెలుగు, ఉర్దూ, తమిళం, కన్నడంలో రాయించాం. తమిళంలో పెయింటరు చేసిన తప్పును మన పరోటా మాస్టరు పట్టుకుని, సుద్దముక్కతో గోడ మీద సరిగ్గా రాసి చూపించాడు. మొదటి రోజు మధ్యాహ్నానికే రెండు చోట్ల డ్రైనేజీ జామ్ అయింది. మగ్గులు పోయాయి, బకెట్లు కూడా పోయాయి, బకెట్ ఎలా దాచుకుని తీసుకెళ్లారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మూడో రోజు నుంచి మగ్గును కుళాయికి గొలుసుతో కట్టాం.

నాలుగో రోజు పొద్దున మా లాడ్జిలో ఒక ముసలావిడ స్నానం చేసి వచ్చి, బాత్‌రూం కడుగుతున్న మా పనిమనిషిని ఆపి, కొంగులోంచి రొట్టె తీసి ఇచ్చింది. సొంతింటి రొట్టెట. మొక్కుకున్న ఇల్లు కట్టుకున్నారట, ఇవ్వడానికి వచ్చారు. మా మనిషి చేతులు చీరకు తుడుచుకుని తీసుకుంది. సాయంత్రం నా దగ్గరికొచ్చి, "సార్, ఇల్లు వస్తే వచ్చే పండక్కి నేను రొట్టె తిరిగియ్యాల. ఆ రోజు నాకు సెలవు గావాల" అంది. సెలవు మంజూరు చేశాను. మినిట్స్‌లో కూడా రాయించాను.

ఇక చెప్పక తప్పని మాటలు. వాలంటీర్లుగా 38 మంది పేర్లిచ్చారు. మొదటి రోజు 11 మంది వచ్చారు, చివరి రోజుకు ఆరుగురం మిగిలాం, అందులో ఇద్దరు మా ఇంటివాళ్లే. ఫొటోల రోజు మాత్రం నిలబడటానికి చోటు చాలలేదు. నీళ్ల ట్యాంకర్లు రోజుకు రెండు పంపుతామని ఒక కార్యాలయం వారు మాటిచ్చారు. ఐదు రోజుల్లో ఒక్కరోజు, అదీ సగం ట్యాంకు వచ్చింది. ప్రైవేటు ట్యాంకర్లు తెప్పించాం. ఆ ఖర్చు అధ్యక్షుల వారు తమ జేబులోంచి పెట్టుకున్నారు.

అక్టోబరు నెలాఖరులో మొంథా తుపాను. తీరం దాటింది ఎక్కడో గోదావరి వైపైనా వాన మనల్నీ వదల్లేదు. రాత్రి తొమ్మిదికి అధికారుల నుంచి ఫోన్: పొద్దున ఆరుకల్లా 1,500 అన్నం పొట్లాలు కావాలని. 2021 నవంబరులో పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయి, హైవే మీద లారీలు బారులు తీరినప్పుడే మనకు తెలిసొచ్చింది, రాత్రికి రాత్రి పెద్ద గుండిగల్లో వండగలిగేది మనమేనని. అందుకని ఒప్పుకున్నాం. సాంబారన్నం తెల్లారేసరికి పులుస్తుంది కాబట్టి నిమ్మకాయ పులిహోర చేశాం. పొదలకూరు నిమ్మకాయలు ఇంట్లో ఉన్న సభ్యులు బస్తాతో సహా తెచ్చారు. ఆరింటికి పొట్లాలు సిద్ధం. వస్తుందన్న జీపు పదకొండున్నరకు వచ్చింది! అప్పటికే మన సభ్యుల ఆటోల్లో పెన్నా గట్టు కాలనీలకు పంచేశాం. తర్వాత జరిగిన సమీక్షలో సహకరించిన వారి జాబితా చదివారు. అందులో మన సంఘం పేరు లేదు. బాధ లేదని అబద్ధం చెప్పను.

మిగిలిన ఆహారం వృద్ధాశ్రమాలకు పంపడం ఏడాదంతా సాగింది. మిగులు ఆహారం పంచడానికి 2019లోనే కేంద్రం నిబంధనలు తెచ్చింది. వండిన తేదీ, శాకాహారమా మాంసాహారమా అన్నది పొట్లం మీద రాయాలి. కొబ్బరి చట్నీ, చేపలు పంపకూడదని మనం పెట్టుకున్న నియమం. ఒక సభ్యులు మధ్యాహ్నం బిర్యానీ రాత్రి పంపితే ఆశ్రమం వారు మూత తీసి, వాసన చూసి, తిప్పి పంపారు. పేరు రాయడం లేదు, వారికి తెలుసు. మన ఇంట్లో మనం తినలేనిది పక్కవాడికి పెట్టడం దానం కాదు, చెత్త పారబోయడం.

వాడేసిన నూనె సంగతి. అందులో పోలార్ కాంపౌండ్లు (నూనెను మళ్లీ మళ్లీ కాచితే పెరిగే చెడు పదార్థాలు) 25 శాతం దాటితే వాడకూడదు. రోజుకు 50 లీటర్లు దాటి నూనె వాడేవాళ్లు రికార్డు రాయాలి. ఇదంతా 2018, 2019 నుంచే ఉంది. ఆ నూనెను బయోడీజిల్ వాళ్లకు ఇచ్చి, వచ్చిన డబ్బుతో సర్వర్ల పిల్లలకు నోటు పుస్తకాలు కొన్నాం. చేరింది తొమ్మిది హోటళ్లే. మిగతా నూనె ఎక్కడికి పోతోందో అడగను. సాయంత్రం తోపుడు బండి దగ్గర బజ్జీలు తినేది మన పిల్లలే.

వంట మనుషుల కోసం ఒడిశా, బెంగాల్ వైపు చూడటం తగ్గాలని ఆరుగురు స్థానిక కుర్రాళ్లకు దోసె పెనం దగ్గర, తందూరు దగ్గర పని నేర్పించాం. ఇద్దరు నిలిచారు. ఒకడు చెన్నై పోయాడు. పోనీ, చేతిలో పని ఉంది.

జమాఖర్చుల కాగితం కోశాధికారి గారు అందరి కుర్చీల్లో పెట్టించారు, ఆడిట్ అయింది. చందా బకాయిల జాబితా గోడకు అతికిద్దామంటే నేనే వచ్చే నెల దాకా ఆపాను.

గదులిచ్చిన లాడ్జీల వారికి, దర్గా కమిటీ పెద్దలకు, అర్ధరాత్రి నిద్ర లేచిన వంట మాస్టర్లకు, ఆటో యజమానులకు, బోర్డు దిద్దిన పరోటా మాస్టరుకు, నోటు పుస్తకాలు కొన్న ధరకే ఇచ్చిన షాపు వారికి, ఐదు రోజులు బాత్‌రూములు కడిగిన 28 మంది పనివాళ్లకు, ఇంటి పని ఒంటిచేత్తో లాగిన మా ఆవిడకు కృతజ్ఞతలు.

పండుగ ఈసారి జూన్ నెలాఖరుకే వస్తోంది. గదుల రిజిస్టరు, వాలంటీర్ల రిజిస్టరు విడివిడిగా బల్ల మీద ఉన్నాయి. పేరు రాసే ముందు ఆ ఐదు రోజులు ఊళ్లో ఉంటారో లేదో చూసుకోండి. పెన్ను దారంతో కట్టి ఉంది, మగ్గుల అనుభవంతో.

ఇట్లు,
కార్యదర్శి