సొంత జనాన్ని రానివ్వని చోటికి మన పెళ్లిరోజులా?

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో, పెళ్లిరోజుకి జంటగా వెళ్లదగిన విహార స్థలాల గురించి ఒక వ్యాసం వేశారు. అందులో క్యాసినో ఉన్న రిసార్టు ఫొటో కనబడగానే పేపరు మడిచి పక్కన పెట్టేశాను. మేము ఈ మధ్యే అలాంటి చోటికి వెళ్లొచ్చాం. ఆ వ్యాసంలో లేని సంగతులు కొన్ని మీ పాఠకులకి తెలియాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మేముండేది చెన్నైలో, పెరంబూర్. మా పెద్దలది సూళ్లూరుపేట వైపు. నేను ఇరవై ఆరేళ్లుగా లెక్కల టీచర్ని. మా వారికి జనరల్ ప్యాటర్స్ రోడ్డులో బండ్ల స్పేర్ పార్టుల కొట్టు ఉంది. పెళ్లయి ఇరవై ఐదేళ్లు నిండిన సందర్భంగా మా పిల్లలిద్దరూ డబ్బులు వేసుకుని, మా ఇద్దరికీ గోవాలో మూడు రోజుల ప్యాకేజీ కొనిచ్చారు. పెద్ద ఫైవ్ స్టార్ రిసార్టు. నగరంలోని ఒక ట్రావెల్ ఏజెంట్ దగ్గర తీసుకున్నారు. 'యానివర్సరీ స్పెషల్' అని ఉందట. పిల్లలకి అంతకు మించి ఏమీ తెలియదు, వాళ్ల తప్పేమీ లేదు.

మొదటి రోజు గురించి కూడా రాయాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. మోపా విమానాశ్రయంలో దిగి రిసార్టుకి చేరేసరికి మధ్యాహ్నం అయింది. గది కిటికీ తెరిస్తే సముద్రం. సాయంత్రం పణజిలో ఫాంటెన్హాస్ వీధుల్లో తిరిగాం. పసుపు, నీలం రంగుల పాత పోర్చుగీసు ఇళ్లు, ఇరుకు సందులు. అక్కణ్ణుంచి మిరామార్ బీచికి వెళ్లి, ప్యాంటు మడిచి నీళ్లలో నిలబడ్డారాయన. మెరీనాకి ఆరేడు కిలోమీటర్ల దూరంలో పాతికేళ్లుగా కాపురం ఉంటూ, కొట్టు వదిలి ఆయన నాతో సముద్రం ఒడ్డున గంటసేపు నిలబడింది లేదు. ఆ రాత్రి బాల్కనీలో కూర్చుని, మా స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లల గురించి అడిగారు. ఎవరు బాగా చదువుతారు, ఎవరికి లెక్కలంటే భయం అని. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు. ఒక్కొక్కరి గురించీ చెబుతుంటే పన్నెండు దాటింది.

రెండో రోజు మా పెళ్లిరోజు. పొద్దున్నే గదికి కేకు పంపించారు. కేకుతో పాటు ఒక కవరు. అందులో మాండోవి నదిలోని క్యాసినో ఓడకి ఇద్దరికీ ప్రవేశం, రాత్రి భోజనం, తలా మూడు వేల రూపాయల చిప్స్‌కి, అంటే జూదంలో డబ్బుకి బదులు పెట్టే బిళ్లలకి, కూపన్లు. ఆ చిప్స్ తిరిగి ఇచ్చి డబ్బు తీసుకోవడానికి కుదరదు, ఆడి తీరాల్సిందే. ఇది నాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది.

మా వారికి జూదం అంటే పడదు. మా మామగారు గిండీ రేసుల మనిషి. శనివారం వస్తే గుర్రాలే లోకం. మా అత్తగారి గాజులు, చంద్రహారం అలాగే పోయాయి. ఇంట్లో దీపావళికి కూడా మా వారు పేక ముట్టనిచ్చేవారు కాదు. 2003లో తమిళనాడులో లాటరీలు నిషేధించినప్పుడు కొట్లో అందరికీ స్వీట్లు పంచారు. అలాంటి మనిషి, "కూపనేగా, మన డబ్బు కాదుగా, పిల్లలు కట్టిందే. భోంచేసి, ఓసారి చూసి వచ్చేద్దాం" అన్నారు. నేనూ సరే అన్నాను. పట్టుచీర కట్టుకుని బయల్దేరాను.

పణజి జెట్టీ దగ్గర దించుతూ ట్యాక్సీ డ్రైవరు హిందీలో ఒక మాట అన్నాడు. మర్యాదకి, "నువ్వెప్పుడైనా ఆ ఓడ ఎక్కావా బాబూ?" అని అడిగితే, "లేదు మేడం. మేము గోవా వాళ్లం. మమ్మల్ని లోపలికి రానివ్వరు" అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు పూర్తిగా తలకెక్కలేదు. చిన్న పడవలో కూర్చోబెట్టి ఓడ దగ్గరికి తీసుకెళుతుంటే దీపాలు చూస్తూ ఉండిపోయాను.

లోపల కిటికీ లేదు, గడియారం లేదు. రూలెట్ అంటే అంకెలు వేసిన ఎరుపు, నలుపు గళ్ల చక్రం తిప్పి, గోళీ ఏ గడిలో ఆగుతుందోనని అంకె మీదో రంగు మీదో పందెం కాసే ఆట. ఆ బల్ల చుట్టూ నాకు ఎక్కువగా వినిపించింది తెలుగే. నెల్లూరు యాస, గుంటూరు యాస, హైదరాబాదు మాట. మన ఊళ్లలో కోతముక్క అని చాటుమాటుగా ఆడే ఆట అక్కడ పెద్ద బల్ల మీద, కోటు వేసుకున్న అమ్మాయి పంచుతోంది. మా వారు కూపన్ చిప్స్‌తో రూలెట్ దగ్గర నిలబడ్డారు. మొదటి గంటలో పద్నాలుగు వేలు వచ్చాయి. ఆ ముఖం నేను మర్చిపోలేను. మా పెద్దాడు పుట్టినప్పుడు చూసిన సంతోషం అది.

ఇక్కడ నేను టీచర్ని కాబట్టి కొంచెం లెక్క చెప్పాలి. ఒకే సున్నా ఉన్న రూలెట్ చక్రంలో 0 నుంచి 36 వరకు మొత్తం 37 గళ్లు. ఒక అంకె మీద 100 రూపాయలు పెట్టి గెలిస్తే 3,500 ఇచ్చి, మన 100 మనకి తిరిగి ఇస్తారు. అదే 37 గళ్ల మీదా తలా వంద పెట్టామనుకోండి, 3,700 పెట్టి 3,600 తీసుకుంటాం. ఏ అంకె పడినా సరే, వంద వాళ్లది. అంటే నూటికి రెండు రూపాయల డెబ్బై పైసలు. ఇందులో మోసం ఏమీ లేదు, ఆట నియమమే అది. ఎంత ఎక్కువసేపు కూర్చుంటే అంత ఎక్కువ పోతుంది.

ఇంత చిన్న శాతానికి మనుషులు మునిగిపోతారా అని అడగొచ్చు. పోయిన డబ్బు రాబట్టుకోవాలన్న పట్టుదల మొదలయ్యాకే మునుగుతారు. బల్ల పక్కన బోర్డు మీద అంతకు ముందు పడిన అంకెలన్నీ వెలుగుతుంటాయి. "ఐదుసార్లు ఎరుపే పడింది చూడు, ఇప్పుడు నలుపు పడి తీరాలి" అన్నారు మా వారు. ఏటా సంభావ్యత పాఠంలో నాణెం ఎగరేయించి పిల్లలకి నేను చెప్పేది ఇదే: కిందటిసారి ఏం పడిందో నాణేనికి గుర్తుండదు. చక్రానికీ గుర్తుండదు. ఆయన రెండు వేలు పెట్టారు, పోయింది. నాలుగు వేలు పెట్టారు. తర్వాత ఎనిమిది, పదహారు, ముప్పై రెండు. వరసగా ఐదుసార్లు పోతే 62 వేలు. రంగు మీద ఆడితే అలా వరసగా ఐదు పోవడానికి అవకాశం సుమారు 28లో ఒకటి. గంటకి నలభైసార్లు చక్రం తిరిగే చోట ఇది అరుదైన సంగతి కానే కాదు. ఇంటికొచ్చి కాగితం మీద వేసుకున్న లెక్క ఇది. అక్కడ నిలబడి ఉండగా నాకూ ఏ లెక్కా గుర్తు రాలేదు. "ఏవండీ, ఇక చాలు, పదండి" అన్నాను రెండుసార్లు. "నువ్వెళ్లి భోంచెయ్యి, వస్తున్నా" అన్నారు.

భోజనాల హాల్లో నా పక్కన ఒక తెలుగమ్మాయి కూర్చుంది. చేతులకి ఇంకా పెళ్లి గోరింటాకు ఎర్రగా ఉంది. "ఆంటీ, మీ దగ్గర ఛార్జర్ ఉందా?" అని అడిగింది. ఇచ్చాను. వాళ్లాయన తన ఖాతాలో డబ్బు అయిపోతే ఈ అమ్మాయి ఫోన్ నుంచి పంపమన్నాడట, ఫోనేమో ఆగిపోయింది. ఛార్జర్ ఇచ్చినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంది. ఆ అమ్మాయి ఫోన్ ఆన్ అయ్యేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది. ప్లేటులో అన్నం అలాగే ఉంది.

తెల్లవారుజామున నాలుగున్నరకి గదికి చేరాం. "పదిహేను వేలు పోయాయి" అన్నారు. మూడో రోజు మంగేశి గుడికి వెళ్లాలనుకున్నాం. మధ్యాహ్నం దాకా ఆయన లేవలేదు, ఇక వెళ్లనే లేదు. విమానాశ్రయంలో ఆయన ఫోన్లో బ్యాంకు మెసేజీలు నా కంటబడ్డాయి. మొత్తం తొంభై నాలుగు వేలు. కంపెనీకి సరుకు తాలూకు కట్టాల్సిన డబ్బు అది. నాకు డబ్బు కంటే ఆ పదిహేను వేల మాట ఎక్కువ నొప్పించింది. పాతికేళ్లలో ఆయన నాకు చెప్పిన మొదటి అబద్ధం అది, చెప్పింది మా పెళ్లిరోజు రాత్రి.

ట్యాక్సీ అబ్బాయి మాట ఇంటికొచ్చాకే నాకు అర్థమైంది. కూర్చుని చదివాను. గోవాలో 1976 నాటి జూద చట్టాన్ని 1992లో సవరించి ఫైవ్ స్టార్ హోటళ్లలో జూదం మెషిన్లకీ, 1996లో సవరించి ఓడల మీద బల్లల ఆటలకీ అనుమతి ఇచ్చారు. 2020 ఫిబ్రవరి నుంచి గోవా వాసులకి మాత్రం ఆ క్యాసినోల్లోకి ప్రవేశం ఆపేశారు. నేపాల్‌లో నేపాలీలని క్యాసినోలోకి రానివ్వరు. మొనాకో క్యాసినో ప్రపంచమంతా పేరున్నది, అక్కడ ఆ దేశ పౌరులు ఆడకూడదు. సింగపూర్‌లో ఉంటున్న మా చెల్లెలు ఫోన్లో చెప్పింది: అక్కడి పౌరులు, శాశ్వత నివాసులు క్యాసినో గడప దాటాలంటే రోజుకి 150 సింగపూర్ డాలర్లు కట్టాలి. 2019కి ముందు అది వంద. మనలా బయటి నుంచి వెళ్లేవాళ్లు పాస్‌పోర్టు చూపిస్తే చాలు, ఆ రుసుము లేదు.

అయ్యా, ఒక్కసారి ఆలోచించండి. క్యాసినో పెట్టుకున్న వాళ్లకి దాని సంగతి బాగా తెలుసు. తెలుసు కాబట్టే తమ వాళ్లని రానివ్వరు, లేదా గడప దగ్గరే గట్టి రుసుము పెడతారు. ఆ నష్టం బయటి ఇళ్లకి చేరాలి. ఆ బయటి ఇళ్లు మనవి. చెన్నై, బెంగళూరు, హైదరాబాదు, విజయవాడ. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025 ఆగస్టులో కేంద్రమే నిషేధించింది. ఫోన్లో ఆడటం తప్పన్న ఆటని పెళ్లిరోజు కేకుతో పాటు కవర్లో పెట్టి ఇస్తుంటే ఎవరూ ఏమీ అనడం లేదు. పన్ను వేశాం కదా అనొచ్చు. నిజమే, 2025 సెప్టెంబర్ 22 నుంచి క్యాసినోల మీద జీఎస్టీ 40 శాతం. కానీ పోయిన డబ్బు రాబట్టుకోవాలని తెల్లవారుజామున మూడింటికి చిప్స్ కొనే మనిషిని ఏ పన్నూ ఆపలేదు, నేను చూశాను.

సింగపూర్‌లో ఇంకో మంచి ఏర్పాటు ఉంది. ఇంట్లో ఒకరి జూదం వల్ల కుటుంబం నష్టపోతుంటే, భార్యో, భర్తో, పిల్లలో అర్జీ పెట్టుకోవచ్చు. విచారించి, ఆ మనిషిని క్యాసినోలోకి రానివ్వకుండా ఉత్తర్వు ఇస్తారు. తన పేరు తనే రాయించుకుని తలుపు మూయించుకునే వీలు కూడా ఉంది. గోవాలో, సిక్కింలో లైసెన్సులిచ్చే ప్రభుత్వాలు, ఆధార్ కార్డు చూసి లోపలికి పంపే చోట, ఇలాంటి అర్జీ కూడా తీసుకుని పాటించాలి. మన చెన్నై నుంచి, బెంగళూరు నుంచి, వైజాగు నుంచి ఒక భార్య తెలుగులో రాసి పంపినా చెల్లాలి. ఇది నేను గట్టిగా అడుగుతున్నాను. అలాగే ట్రావెల్ ఏజెంట్లు ప్యాకేజీలో క్యాసినో ఉంటే ముందే చెప్పాలి, వద్దన్నవాళ్లకి దాన్ని తీసేసి ఇవ్వాలి. డబ్బుగా మారని చిప్స్‌ని బహుమతి అనకూడదు. మీ పత్రిక విహార వ్యాసం రాసేటప్పుడు, ఆ ఊరివాళ్లకి అక్కడ ప్రవేశం ఉందో లేదో ఒక్క వాక్యం రాయాలి.

మా వారు ఇప్పుడు బాగానే ఉన్నారు. మొదటి పది రోజులు మాత్రం రాత్రి లేచి కూర్చునేవారు. "ఆ ముప్పై రెండు వేలు ఎరుపు మీద పెట్టి ఉంటే..." అనేవారు. నాకు భయమేసి, మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన సహాయ ఫోన్ టెలీ మానస్ 14416కి చేశాను. ఉచితం, తెలుగులో మాట్లాడారు. తర్వాత ఆయన చేత మాట్లాడించాను. జూదం మీద నుంచి మనసు మళ్లకపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా జబ్బుల పట్టికలో చేర్చిందనీ, సిగ్గుపడి దాచుకోవద్దనీ చెప్పారు. ఆ మాట మా మామగారికి ఆ రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే బావుండేది.

ఈ ఉత్తరం పంపే ముందు ఆయనకి చదివి వినిపించాను. నేను మొదట 'కొంత డబ్బు పోయింది' అని రాశాను. "తొంభై నాలుగు వేలు అని రాయి" అన్నారు. పిల్లలకి ఇంకా తెలియదు. మీరు దీన్ని అచ్చు వేస్తే, ఆ పేపరు తనే తీసుకెళ్లి వాళ్లకి ఇస్తానన్నారు.

దయచేసి మా పేర్లు వేయవద్దు.

- ఒక లెక్కల టీచర్, పెరంబూర్, చెన్నై