పిల్లకీ పిల్లికీ గుడి ఒక్కటే తేడానా?

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

పోయిన ఆదివారం మీరు పెంపుడు పిల్లుల మీద వేసిన ఆర్టికల్ చదివాను, బాగుంది, కానీ మధ్యలో "పిల్లి తెలివి రెండేళ్ళ పిల్లల తెలివితో సమానం" అన్న లైన్ దగ్గర ఆగిపోయాను. నెట్‌లో కూడా ఎక్కడ చూసినా ఇదే మాట. మా ఇంట్లో ఐదేళ్ళ పిల్లి ఉంది, రెండేళ్ళు నిండబోతున్న మనవరాలు ఉంది, పొద్దున్నుంచి రాత్రి దాకా ఇద్దర్నీ కనిపెట్టుకుని ఉండేది నేనే, నాకైతే ఈ లెక్క కుదరట్లేదండి.

పోలికలు లేవని అనను. ఇద్దరూ తలుపు మూస్తే ఊరుకోరు, తీస్తే గడప మీద నిలబడి ఆలోచిస్తారు. ఇద్దరికీ కొన్న బొమ్మ కన్నా అది వచ్చిన అట్టపెట్టే ఇష్టం. మనిషి మీద బెంగ కూడా అంతే. అమెరికాలో ఓరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2019లో పిల్లి కూనలకి ఒక పరీక్ష పెట్టారు, కొత్త గదిలో పెంచుకున్న మనిషితో రెండు నిమిషాలు, తర్వాత ఒంటరిగా రెండు నిమిషాలు, మళ్ళీ ఆ మనిషి రావడం. చంటిపిల్లల మీద ఎప్పటినుంచో చేస్తున్న పరీక్షకి ఇది పొట్టి వెర్షన్. మనిషి తిరిగి రాగానే కుదుటపడి మళ్ళీ ఆటలో పడ్డవి 64 శాతం, పసిపిల్లల్లో ఆ లెక్క 65 శాతం దాకా ఉంటుంది.

కానీ పైకి ఒకేలా కనబడే పనుల్ని కాస్త దగ్గర్నుంచి చూడండి. మా మనవరాలు కుర్చీలోంచి స్పూన్ కింద పడేస్తుంది, పడేసి ముందు కిందకి వంగి స్పూన్‌ని చూస్తుంది, ఠంగుమన్న చప్పుడు వింటుంది, ఆ తర్వాత నా మొహం చూసి నవ్వుతుంది. పిల్లి టేబుల్ మీద పెన్ను మూతని తోస్తుంది చూడండి, అది ముందే నా మొహం చూస్తుంది! నన్ను చూస్తూనే ఒక్కో అంగుళం జరుపుతుంది, నేను లేస్తే చాలు ఆపేసి గిన్నె వైపు నడుస్తుంది. ఒకరిది ఏమవుతుందో చూద్దామన్న సరదా, ఇంకొకరిది మనల్ని లేపే పని. ఇద్దర్నీ కలిపి "అల్లరి" అనేస్తాం.

కొన్ని విషయాల్లో పిల్లే ముందుంది. జపాన్ వాళ్ళు 2024లో స్క్రీన్ మీద బొమ్మ చూపిస్తూ ఒక మాట వినిపించి, తర్వాత బొమ్మా మాటా తారుమారు చేస్తే పిల్లులు తేడా పట్టేసి ఎక్కువసేపు చూశాయట, అది కూడా పద్నాలుగు నెలల పిల్లలకి చూపించాల్సినన్ని సార్లు చూపించకుండానే. తమ పేరు గుర్తుపడతాయని 2019లోనే తేల్చారు, చెవి తిప్పుతాయి, తల తిప్పుతాయి, లేచి రావడం మాత్రం వాటి ఇష్టం (ఇది తెలుసుకోడానికి జపాన్ దాకా వెళ్ళక్కర్లేదు లెండి). కళ్ళు మూసుకుని పాలు తాగుతుందని సామెత పాపం పిల్లి మీద వేశారు గానీ, దాగుడుమూతల్లో రెండు చేతులతో కళ్ళు మూసుకుని గది మధ్యలో నిలబడి "నేను లేను" అనేది మా మనవరాలే.

ఇక బంతిని కళ్ళ ముందే దిండు వెనక పెడితే ఇద్దరూ వెతుకుతారు. అదే బంతిని గిన్నెలో వేసి, ఆ గిన్నెని దిండు వెనక్కి తీసుకెళ్ళి బంతిని అక్కడ వదిలేసి ఖాళీ గిన్నె చూపిస్తే మా పిల్లి గిన్నె వాసన చూసి వెళ్ళిపోయింది, పాప ఒక్క క్షణం గిన్నెలోకి చూసి నేరుగా దిండు ఎత్తింది. తను చూడనిదాన్ని ఊహించి వెతికింది అన్నమాట, ఇది పిల్లలకి ఏడాదిన్నర, రెండేళ్ళ మధ్య వస్తుంది, పిల్లులు చాలావరకు ఇక్కడ తప్పుతాయి.

నాకు అన్నిటికన్నా పెద్ద తేడా వేలు దగ్గర కనబడింది. ఏడాది వయసు నుంచే పాప చందమామనీ, చీమనీ, ఫ్యాన్‌నీ వేలుపెట్టి చూపించేది, ఇమ్మని కాదు, నన్ను కూడా చూడమని. పిల్లి గిన్నె దగ్గరికి తీసుకెళ్తుంది, తలుపు దగ్గరికి తీసుకెళ్తుంది, ఆకలేస్తే గురగురలో సన్నటి ఏడుపు లాంటి శబ్దం కూడా కలుపుతుంది, కానీ గోడ మీద బల్లిని గంటసేపు చూస్తూ కూర్చుని ఒక్కసారి కూడా నావైపు తిరిగి "చూశావా" అన్నట్టు చూడలేదు.

ఇంత ఎందుకు రాస్తున్నానంటే, ఈ "రెండేళ్ళ బుద్ధి" నమ్మి మాకు తెలిసిన ఒకాయన, పిల్లి మంచం మీద పాస్ పోస్తే గంట తర్వాత దాన్ని పట్టుకొచ్చి ఆ మరక చూపించి కొట్టాడు, కావాలనే కక్షతో చేసిందట. గంట కిందటి పనికీ ఆ దెబ్బకీ దానికి లింకు తెలీదు, ఆయన్ని చూస్తే మంచం కిందకి దూరడం ఒక్కటే నేర్చుకుంది. చివరికి డాక్టర్‌కి చూపిస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని తేలింది. ఇలాంటివి వేసేటప్పుడు వయసు లెక్కతో పాటు, పిల్లి ఉన్నట్టుండి ఎక్కడపడితే అక్కడ పాస్ పోస్తే ముందు డాక్టర్‌కి చూపించండని కూడా ఒక లైన్ వేయండి దయచేసి.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు