బీమా కార్డు మీద మూడు అక్షరాలు

సంపాదకులకు నమస్కారం.

డాలస్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లం మీ పత్రిక అమెరికా పేజీని వదలకుండా చదువుతాం. వీసాల గురించి, ఇళ్ల ధరల గురించి, సంఘాల సంబరాల గురించి బాగానే రాస్తున్నారు. ఆరోగ్య బీమాలో కృత్రిమ కాళ్లు, చేతులు, బ్రేసుల (కాళ్లకీ చేతులకీ ఆసరాగా తొడిగే పట్టీల) సంగతి మాత్రం ఎప్పుడూ కనబడలేదు. మా ఇంట్లో జరిగింది చెబితే నలుగురికైనా పనికొస్తుందని ఈ ఉత్తరం.

మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. పుట్టుకతోనే ఎడమ కాలు మోకాలి కింద లేదు. నడక నేర్చిందే కృత్రిమ కాలితో. పెద్దవాళ్లకైతే ఒక కాలు కొన్నేళ్లు వస్తుంది. ఎదిగే పిల్లకి బూట్లు బిగుతైనట్టే, కాలు దూర్చుకునే సాకెట్ కూడా బిగుతైపోతుంది. రోజూ రాత్రి కాలు తీసి, లోపలి మెత్తటి తొడుగు, అంటే లైనర్, ఒలిచి, చర్మం ఎక్కడ ఎర్రబడిందో టార్చి వేసి చూడటం నా పని. ఎరుపు పది నిమిషాల్లో తగ్గితే ఫర్వాలేదు. మొన్న ఫిబ్రవరిలో ఒక రోజు తెల్లారినా తగ్గలేదు. పిల్ల మాత్రం నొప్పి లేదనే అంది, స్కూల్లో ఆటల రోజు దగ్గరపడుతోంది మరి.

కొత్త కాలికి డాక్టరు చీటీ రాశారు. బీమా వాళ్లు కుదరదన్నారు. మా వారు ఉద్యోగం మారిన ఏడాది ఒక కాలు ఇచ్చారు కాబట్టి ఇక లేదట, ప్లానులో “జీవితకాలంలో ఒక్కటే” అని ఉందట. ఎనిమిదేళ్ల పిల్లకి! ఆ వాక్యం రాసినవాళ్లు ఎదిగే పిల్లని ఎప్పుడైనా చూశారా అని నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. బీమాలో జీవితకాలపు పరిమితులు పోయాయి కదా అని చాలామంది అనుకుంటాం. 2010 నాటి సంస్కరణ తీసేసింది డాలర్ల పరిమితిని. ఎన్ని ఇస్తామన్న లెక్క మీద పరిమితి పెట్టుకోవడానికి సందు మిగిలే ఉంది.

టెక్సస్‌లో చట్టం ఉంది కదా అని వాదించాను. నిజంగానే ఉంది, మంచి చట్టం కూడా. 2009లో వచ్చింది. కృత్రిమ కాళ్లు, చేతులకీ, కొలత తీసి చేసే బ్రేసులకీ మెడికేర్‌తో (వృద్ధులకి ప్రభుత్వం ఇచ్చే బీమాతో) సమానంగా బీమా ఇవ్వాలంటుంది. ఏ రకం సరిపోతుందో వైద్యుడు, దాన్ని తయారుచేసే నిపుణుడు, వాడే మనిషి కలిసి తేల్చుకోవాలంటుంది. పారేసుకుంటేనో, సరిగ్గా వాడక పాడుచేసుకుంటేనో తప్ప, బాగుచేయడానికీ మార్చడానికీ కూడా డబ్బు కట్టాలి. ఇలాంటి చట్టం మొదట తెచ్చింది కొలరాడో, 2000లో. తర్వాత ఇరవైకి పైగా రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. 2022లో మెయిన్ అనే రాష్ట్రం ఇంకో అడుగు వేసి, పిల్లలకి నడిచే కాలితో పాటు ఆటలకి పనికొచ్చే రెండో కాలు కూడా ఇవ్వాలంది. పరుగెత్తడం పిల్లలకి విలాసం కాదని ఒప్పుకున్న చట్టం అది.

కానీ ఫోన్లో అవతలి మనిషి చెప్పిన జవాబు విని నోట మాట రాలేదు. మా ప్లానుకి ఆ రాష్ట్ర చట్టం వర్తించదట. ఆరా తీస్తే అది నిజమే. పెద్ద కంపెనీలు చాలా వరకు బీమా కొనవు. ఉద్యోగుల ఆసుపత్రి బిల్లులు సొంత డబ్బుతోనే కడతాయి. కార్డు మీద పేరున్న బీమా సంస్థ కాగితాల పని మాత్రమే చూస్తుంది. ఇలాంటి సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్ల మీద రాష్ట్రాల బీమా చట్టాలు చెల్లవని 1974 నాటి కేంద్ర చట్టం ఎరిసా చెబుతోంది. అమెరికాలో ఉద్యోగం ద్వారా బీమా ఉన్నవాళ్లలో 60 శాతానికి పైగా ఇలాంటి ప్లాన్లలోనే ఉన్నారు. ఐటీ కంపెనీల్లో పనిచేసే మనవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

టెక్సస్‌లో ఉన్నవాళ్లు ఇది తెలుసుకోవడం తేలిక. బీమా కార్డు తీసి చూడండి. దాని మీద ‘టీడీఐ’ (టెక్సస్ బీమా శాఖ) అనో ‘డీఓఐ’ (బీమా శాఖ) అనో ఉంటే అది రాష్ట్రం అజమాయిషీలో ఉన్న ప్లాను, చట్టం మీ వైపు ఉన్నట్టే. మా పాత కార్డు సొరుగులోంచి తీసి చూశాను. మా వారు చిన్న కంపెనీలో చేసినప్పటిది. టీడీఐ అని మూడు అక్షరాలు ఉన్నాయి. కొత్త కార్డు అటూ ఇటూ తిప్పి చూశాను, లేవు. ఆ పాత కార్డుతో పిల్లకి రెండుసార్లు కాలు మార్చారు, ఒక్క ప్రశ్న అడగలేదు. జీతం పెరిగిందని సంబరపడి ఉద్యోగం మారాం. ఇది అడగాలని మాకు తట్టలేదు.

కంపెనీ తలుచుకుంటే ఆ ఒక్క వాక్యం తీసేయగలదు, డబ్బు దాని సొంతం కాబట్టి. మా వారు, ఇంకో ఇద్దరు ఉద్యోగులు కలిసి హెచ్‌ఆర్‌కి రాతపూర్వకంగా అడిగారు. వాళ్లలో ఒకరి బాబుకి సెరిబ్రల్ పాల్సీ, రెండు కాళ్లకీ బ్రేసులు. వచ్చే ఏడాది ప్లానులో పరిశీలిస్తామన్నారు. ఒక్కో కంపెనీని ఇలా బతిమాలుకోవడం ఎన్నాళ్లు? రాష్ట్రాలు ఇచ్చిన హక్కు సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్లకీ వర్తించేలా అమెరికా కాంగ్రెస్ చట్టం చేయాలి. బిల్లులు పలుమార్లు వచ్చాయి, ఒక్కటీ గట్టెక్కలేదు. మన తెలుగు సంఘాలు ఎన్నికలప్పుడు నాయకుల్ని వేదికలెక్కించి శాలువాలు కప్పుతాయి. ఆ వేదిక మీద ఈ మాట కూడా అడగమని వాళ్లకి నా విన్నపం.

ప్రస్తుతానికి పాత సాకెట్‌నే లోపల కాస్త అరగదీసి, పల్చటి లైనర్ వేసి ఇచ్చారు. ఏడాది చివరిదాకా నెట్టుకురావాలి. నవంబరులో చాలా కంపెనీల్లో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్, అంటే వచ్చే ఏడాదికి ప్లాను ఎంచుకునే గడువు, ఉంటుంది. ఆ లోపు మీ పేజీలో ఈ విషయం వివరంగా ఇవ్వండి, కార్డు మీద ఏం చూడాలో బొమ్మ వేసి మరీ.

ఇట్లు,
ఒక తల్లి,
ఇర్వింగ్, టెక్సస్