నారాయణపేట జిల్లా కృష్ణా, మాగనూరు మండలాల గొల్లకురుమ పెద్దలకు, రైతులకు కృతజ్ఞతలు

భీమా వచ్చి కృష్ణలో కలిసే తంగిడి నుంచి ఇటు మాగనూరు దాకా చెల్కల్లో, గుట్టల్లో బాట విడిచి ఒంటరిగా నడిచినప్పుడు నీళ్లిచ్చి, దారి చెప్పి, పొద్దుగూకేదాకా నా ఫోను కోసం ఎదురుచూసిన పెద్దయ్యలకు, అన్నలకు, అక్కలకు శనార్తులు. మీరు చెప్పిన సంగతులు ఇక్కడ రాసి పెడుతున్నాను. జింకలను చూడటానికి రేపు వచ్చేవాళ్లకు పనికొస్తాయి. అవి ఎవరి దగ్గర నేర్చుకున్నవో కూడా నలుగురికీ తెలవాలి.

మొదటి దండం జీవాల కాపరులకు. మ్యాపులో నీలంగా కనిపించే కుంటల్లో చాలావాటిలో సంక్రాంతి దాటితే బురదే మిగులుతుంది. ఏ కుంటలో ఇంకా నీళ్లున్నాయి, ఏ బోరు పోస్తున్నది, ఏ బండ మీది దొన (వాన నీళ్లు నిలిచే గుంట) ఎండిపోయింది అన్నది రోజూ మందను తోలుకపోయేవాళ్లకే తెలుసు. చలికాలంలో కూడా ఒక పగటి నడకకు మనిషికి నాలుగు లీటర్లు మోయాలి. మూడు తాగడానికి, ఒకటి ఆపదకు. సగం అయిపోతే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. దొనల నీళ్లు మరగబెట్టకుండా తాగొద్దు, అందులో జీవాలు కూడా మూతి పెడతాయి. పావురమంత ఉండే శాండ్‌గ్రౌజ్ పిట్టలు పొద్దెక్కాక గుంపులుగా ఒకే దిక్కుకు పోతుంటే ఆ వైపు నీళ్లున్నాయని గుర్తు.

ప్రాణం కాపాడే మాట పాత బావుల గురించి చెప్పింది. బోర్లు వచ్చినంక వదిలేసిన బావులు చేన్ల మధ్యన చాలా ఉన్నాయి. ఒరలు కూలిపోయి, అంచు చుట్టూ సర్కారు తుమ్మ కమ్ముకుని, పది అడుగుల దూరంలో నిలబడినా మామూలు పొదే అనిపిస్తుంది. గుర్తుపట్టేదెట్ల? చదును నేలలో గుండ్రంగా గుబురు ఉండి, పక్కనే తవ్విపోసిన రాళ్ల కుప్ప ఉంటే అనుమానించాలి. పొద నడుమ నుంచి, కింది నుంచి పైకి పావురాలు లేస్తే ఇక అనుమానమే అక్కర్లేదు, అవి బావి గోడల సందుల్లో గూళ్లు పెట్టుకుంటాయి. సర్కారు తుమ్మ ముల్లు పలుచని బూటు అడుగును దాటి పాదంలోకి దిగుతుంది. మందపాటి అడుగున్న బూట్లు, ముల్లు తీయడానికి చిన్న చిమటా తప్పనిసరి.

ఇంకొకటి కరెంటు తీగ. అడవి పందుల కోసం కొన్నిచోట్ల చేను గట్టు మీద మోకాలి కిందికి బైండింగ్ వైరు కట్టి రాత్రిపూట లైనుకు తగిలిస్తారు. ఇది చట్టప్రకారం నేరం, మనుషులు చనిపోయిన సంఘటనలు రాష్ట్రంలో ఎన్నో. సోలార్ కంచె వేరు. దానిలో కరెంటు ఆగి ఆగి కొడుతుంది, షాకు తగిలి మనిషి విడిపడతాడు. చీకట్లో రెంటికీ తేడా తెలియదు కాబట్టి పొద్దు మునగకముందే చేన్లు దాటి బండ్ల బాట ఎక్కాలి. గట్టున వరుసగా చిన్న కట్టెలు నాటి ఉంటే పట్టపగలైనా దాటొద్దు, చుట్టూ తిరిగి పోవాలి.

ఇక జింకలు. ఇక్కడి కృష్ణజింకలు మనిషిని వాసనతో కన్నా చూపుతోనే ముందు పసిగడతాయి. నేరుగా వాటి మీదికి నడవకుండా ఏటవాలుగా, ఆగి ఆగి పోవాలి. ఒకటి తల ఎత్తితే ఆగాలి. మందంతా తలలెత్తితే రెండడుగులు వెనక్కి వేయాలి. ఒక్కటి గాల్లోకి ఎగిరి దూకిందంటే అప్పటికే ఆలస్యమైంది, మిగతావన్నీ దాని వెంటే పోతాయి. అవి ఎటు ఉరుకుతాయన్నదే రైతుకు కావాల్సిన లెక్క. మొలకెత్తిన శనగలోకో పత్తిలోకో మంద పడితే తిన్నదానికంటే తొక్కిందే ఎక్కువ. అందుకే చేనుకూ మందకూ నడుమ మనం ఉండాలి, బీడు వైపు వాటికి దారి వదలాలి. ఈ ఒక్క జాగ్రత్త చెప్పిన అన్నకు ఎంత చెప్పినా తక్కువే. నష్టపోతున్న మనిషే జింక బెదరకుండా ఎట్ల చూడాలో ఓపికగా నేర్పడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

నేల చూసినా మంద జాడ తెలుస్తుంది. బీడులో ఒకేచోట పెంటికలు పరుపులా పేరుకుని, పైన నల్లగా మెరిసేవి, అడుగున బూడిద రంగుకు తిరిగినవి ఉంటే అది పోతు తన హద్దుగా వాడుకునే చోటు. పైవి తడిగా ఉంటే దగ్గర్లోనే ఉన్నట్టు. గడ్డిలో ఒంటరిగా పడుకున్న పిల్ల తప్పిపోయింది కాదు. తల్లే దాచిపెట్టి మేతకు పోతుంది. ముట్టొద్దు, దగ్గర నిలబడొద్దు, మన జాడ పట్టి కుక్కలు వస్తాయి. కృష్ణజింక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, అంటే అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలోది. బైకు మీద తరమడం కూడా వేట కిందికే వస్తుంది.

మంద కాపలా కుక్కలు మీదికొస్తే ఉరకొద్దు. నిలబడి కాపరిని గట్టిగా పిలవాలి. గుట్టల్లో బండ సొరికెల దగ్గరికి పోవద్దు, ఎలుగో చిరుతో పగలు అక్కడే పడుకుంటుంది. చేయి పెట్టే ముందు రాయిని కట్టెతో తట్టాలి. పాము కరిస్తే తాడు కట్టొద్దు, కోయొద్దు. కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి. నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది. పామును పట్టుకురావాల్సిన పనే లేదు.

ఊళ్లో ఉండి నా రాక కోసం చూసిన అక్కకు, బావకు ప్రత్యేకంగా. బయలుదేరే చోటు, తిరిగొచ్చే వేళ, ఆ వేళ దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాయించుకుని పెట్టుకున్నారు. ప్రతి రెండు గంటలకూ అక్షాంశ రేఖాంశాలు ఎస్ఎంఎస్ చేయాలి. వాట్సాప్‌కు డేటా కావాలి, ఎస్ఎంఎస్ సన్నటి సిగ్నల్‌లోనూ పోతుంది. దశాంశం తర్వాత నాలుగు అంకెలు రాస్తే పదకొండు మీటర్ల లోపు తేడాతో మనిషి దొరుకుతాడు.

చేన్లలో పడిన మందల ఫొటోలు తేదీ, చోటు పడేలా తీసినవి అడిగిన రైతులకు ప్రింట్లు వేయించి ఇచ్చాను. పంట నష్టం అర్జీకి ఇంకెవరికైనా కావాలంటే చేను ఏ దిక్కున ఉందో చెప్పండి, వెతికి పంపిస్తాను.